టెనెరిఫె ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? ఉత్తరమా, దక్షిణమా.. టికెట్ల కన్నా ముందు ఇది తేల్చుకోండి

పొద్దున బీచ్‌లో ఎండ. మధ్యాహ్నానికి కొండ మీద స్వెట్టర్. సాయంత్రం పొగమంచు కమ్మిన అడవి. ఒకే దీవిలో, ఒకే రోజులో ఇవన్నీ చూడొచ్చు. అదే టెనెరిఫె. స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లో ఇదే పెద్దది. మ్యాప్‌లో మాత్రం స్పెయిన్‌కు దూరంగా, ఆఫ్రికా తీరానికి దగ్గరగా అట్లాంటిక్‌లో కనిపిస్తుంది. విస్తీర్ణం 2,034 చదరపు కిలోమీటర్లు. చిన్న దీవే కదా, రూమ్ ఎక్కడ తీసుకుంటే ఏంటిలే అనుకున్నవాళ్లే అక్కడికి వెళ్లాక తల పట్టుకుంటారు.

కారణం గాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు సముద్రం మీది తేమను తెచ్చి ఉత్తరం వైపు కొండలకు కొడతాయి. మబ్బులన్నీ అక్కడే ఆగిపోతాయి. కొండ దాటి దక్షిణానికి వచ్చేసరికి గాలి పొడిగా మారుతుంది. అనంతపురం జిల్లాను వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు కదా, అక్కడా అదే కథ. అందుకే ఉత్తరాన ఉన్న ప్యూర్టో డి లా క్రూజ్, లా ఒరొతావా చుట్టూ అరటి తోటలు, పచ్చదనం. దక్షిణాన కోస్టా అదేహె, లాస్ క్రిస్టియానోస్ దగ్గర గోధుమ రంగు కొండలు, హోటళ్లు, కావాల్సినంత ఎండ.

బీచ్, స్విమ్మింగ్ పూల్, పిల్లలతో రెస్ట్.. ఇదే ప్లాన్ అయితే దక్షిణం. పాత ఊళ్లు, నడక దారులు, అడవులు కావాలంటే ఉత్తరం. రెండూ కావాలంటే? వారం ట్రిప్‌లో నాలుగు రాత్రులు ఒకవైపు, మూడు రాత్రులు ఇంకోవైపు ఉండటమే మేలు. ఒకేచోట రూమ్ తీసుకుని రోజూ అటూ ఇటూ తిరిగితే సగం సెలవు రోడ్డు మీదే గడిచిపోతుంది.

ఎయిర్‌పోర్టులు రెండు

టికెట్ మీద టీఎఫ్‌ఎస్ అని ఉంటే దక్షిణం, టీఎఫ్‌ఎన్ అని ఉంటే ఉత్తరం. మాడ్రిడ్ నుంచి వచ్చే విమానాలు ఎక్కువగా ఉత్తరాన, బ్రిటన్, జర్మనీల నుంచి వచ్చేవి దక్షిణాన దిగుతాయి. ఉత్తర ఎయిర్‌పోర్ట్‌కు పొగమంచు బెడద ఉంది. 1977 మార్చి 27న ఆ మంచులోనే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అత్యంత ఘోరమైన ప్రమాదం అది. దక్షిణ ఎయిర్‌పోర్ట్ మరుసటి ఏడాది మొదలైంది.

ఇండియా నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. భారత పాస్‌పోర్ట్‌కు షెంజెన్ వీసా తప్పనిసరి. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. సర్వీస్ చార్జీలు వేరు. కనీసం 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్ చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. 15 రోజుల గడువు ఉందని చివరిదాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి నాలుగున్నర గంటల ఫ్లైటే అయినా, చేతిలో భారత పాస్‌పోర్ట్ ఉంటే బ్రిటన్ వీసాతో పని జరగదు. ఇండియా నుంచి లండన్ మీదుగా వెళ్లేవాళ్లకు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కూడా అవసరం పడొచ్చు. చవగ్గా వచ్చిందని టికెట్ కొట్టే ముందు ఇది చూసుకోవాలి.

టెయిదే: ముందే బుక్ చేయకపోతే కింది నుంచే చూడాలి

దీవి మధ్యలో నిలబడ్డ అగ్నిపర్వతం టెయిదే. ఎత్తు 3,715 మీటర్లు, స్పెయిన్‌లోకెల్లా ఎత్తైన శిఖరం. యునెస్కో 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2,356 మీటర్ల దగ్గర కేబుల్ కార్ ఎక్కితే ఎనిమిది నిమిషాల్లో 3,555 మీటర్లకు చేరుస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. కేబుల్ కార్ టికెట్ ఉంటే శిఖరం ఎక్కొచ్చని అనుకుంటారు. కుదరదు. చివరి దారికి విడిగా అనుమతి తీసుకోవాలి. రోజుకు కొద్దిమందికే ఇస్తారు, వారాల ముందే అయిపోతాయి. కాబట్టి హోటల్ కన్నా ముందు ఆ తేదీ ఖాయం చేసుకోవడం తెలివైన పని. అది కూడా ట్రిప్ మొదటి రోజుల్లోనే పెట్టుకోవాలి. గాలి ఎక్కువైతే కేబుల్ కార్ ఆపేస్తారు, అప్పుడు ఇంకో రోజు చేతిలో ఉండాలి.

పైన ఆక్సిజన్ తక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, చంటిపిల్లలు పైకి వెళ్లకపోవడమే మంచిది. స్కూబా డైవింగ్ చేస్తే 24 గంటల దాకా ఈ కొండ జోలికి వెళ్లకూడదు. చలికాలంలో పైన మంచు పడుతుంది, కింద బీచ్‌లో జనం ఈత కొడుతుంటారు. జాకెట్ లేకుండా వెళ్లి వణికేవాళ్లు ఏ రోజు చూసినా కనిపిస్తారు. పైకి వెళ్లలేని వాళ్లు బాధపడక్కర్లేదు. కింద రోక్స్ డి గార్సియా రాళ్ల చుట్టూ నడిస్తే చాలు, సినిమా సెట్‌లా ఉంటుంది. అనుమతీ అక్కర్లేదు. పశ్చిమాన ఉన్న మాస్కా లోయలో దిగాలన్నా ముందస్తు బుకింగ్ ఉండాల్సిందే.

ఈశాన్యాన అనాగా కొండల్లో లారెల్ అడవులు, పక్కనే యునెస్కో గుర్తింపు ఉన్న పాత నగరం లా లగూనా. వాయవ్యంలో గరాచికో. 1706లో లావా వచ్చి ఆ ఊరి రేవును పూడ్చేసింది. అదే లావా గట్టిపడి సముద్రపు నీటి మడుగులుగా మారింది. ఇప్పుడు జనం అందులోనే ఈదుతారు. అయితే ఉత్తర తీరంలో అలలతో ఆటలొద్దు. ఎర్ర జెండా కనిపిస్తే ఫొటో కోసం కూడా రాళ్ల అంచుకు పోవద్దు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లు ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, బండి కుడివైపు. ఘాట్ రోడ్లు ఇరుకు. భయమేస్తే టిట్సా బస్సులున్నాయి. స్థానికులు బస్సును గ్వాగ్వా అంటారు. టెయిదేకు వెళ్లే బస్సులు మాత్రం తక్కువ, తిరుగు బస్సు టైమ్ ముందే చూసుకోవాలి.

తిండి సంగతి? ఉప్పునీళ్లలో ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, పక్కన ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో చేసే ఎర్ర మోహో. మన రోటి పచ్చడికి దూరపు చుట్టం లాంటిది. వెజిటేరియన్లు సూప్ ఆర్డర్ చేసే ముందు అడగాలి, ఆకుకూర సూప్‌లోనూ పంది మాంసం వేస్తుంటారు. దక్షిణ రిసార్టుల్లో ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. సింధీ వ్యాపార కుటుంబాలు ఈ దీవుల్లో వందేళ్లకు పైగా స్థిరపడి ఉన్నాయి.

మరో మాట. టూరిస్టుల తాకిడితో ఇళ్ల అద్దెలు పెరిగిపోయాయని 2024 ఏప్రిల్‌లో వేలమంది స్థానికులు రోడ్డెక్కారు. నివాస భవనాల్లోని ఫ్లాట్ల కన్నా లైసెన్స్ ఉన్న హోటల్ తీసుకుంటే వాళ్లకూ ఇబ్బంది ఉండదు, రాత్రి గొడవలూ ఉండవు.

ఇక వాచీ. కెనరీ దీవుల టైమ్ మాడ్రిడ్ కన్నా ఒక గంట వెనక. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది. వచ్చేటప్పుడు మాడ్రిడ్‌లో కనెక్షన్ ఉంటే ఆ గంట పోతుంది. తిరుగు టికెట్‌లో గ్యాప్ చూసేటప్పుడు ఏ ఊరి టైమ్ రాశారో చూసుకోవాలి.