కమ్మచ్చు నుంచి కొల్లేటి దాకా

మూరెడు జీఐ తీగను సగానికి మడిచి, మడత దగ్గర వేలు దూరేంత సందు వదిలి, రెండు మెలికలు తిప్పితే తలా మెడా వచ్చేస్తాయి. ఆపైన సన్నటి బైండింగు వైరు పని. నడుము దగ్గర బిగువుగా, కుచ్చిళ్ళ దగ్గర వదులుగా చుట్టుకుంటూ రావాలి. రెక్కలు చివరికి. పూలతోటల్లో కుండీల మధ్య నిలబెట్టే దేవకన్య బొమ్మ ఇలా తయారవుతుంది. ముక్కూ కళ్ళూ ఉండవు. ఒంటి వాలులోనే ప్రాణమంతా.

మన కథల్లో దేవకన్యకు రెక్కలు లేవు. కొలనులో జలకాలాడడానికి దిగివస్తుంది, కథానాయకుడు కోక దాచేస్తాడు. రెక్కల పిల్ల పడమటి దేశాల నుంచి వచ్చింది. తీగ పని మాత్రం మనకు పాతదే. కమ్మచ్చు అంటే వరుసగా చిన్నవవుతూ పోయే బెజ్జాలున్న ఉక్కు పలక. లోహాన్ని ఒక్కో బెజ్జంలోంచి లాగుతూ కంసాలి వెంట్రుకంత సన్నం చేస్తాడు. ఆ విద్యకు పరాకాష్ఠ కరీంనగర్ వెండి తీగ పని. అయితే మన దగ్గర తీగ నగలకూ, పెట్టెలకూ, దేవుడి సొమ్ములకూ పోయింది. మామూలు ఇనుప తీగ దడి కట్టడానికే మిగిలింది.

ఇనుప తీగకు గౌరవం స్లొవేకియా పల్లెల్లో దక్కింది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి దేశదిమ్మరి పనివాళ్ళు పగిలిన మట్టికుండలకు తీగ అల్లి అతికేవారు. కుండ చుట్టూ అల్లడం చేతనైనవాడికి కుండ లేకుండా అల్లడం ఎంతసేపు! బుట్టలు, పంజరాలు, బొమ్మలు వచ్చాయి. 2019లో యునెస్కో ఆ విద్యను మానవాళి వారసత్వంగా గుర్తించింది. 1926లో పారిస్‌లో అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ నర్తకి జోసెఫీన్ బేకర్ రూపాన్ని తీగతోనే వంచి చూపించాడు. కాగితం మీద గీసే గీత గాలిలోకి లేచి నిలబడింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. ఆ తర్వాత తీగతో బొమ్మలు చేసినవారి జాబితా కొండవీటి చాంతాడంత. తోట దేవకన్యలకు పేరు తెచ్చింది మాత్రం ఈ శతాబ్దపు ఇంగ్లిష్ శిల్పి రాబిన్ వైట్. స్టాఫర్డ్‌షైర్‌లోని ట్రెంథమ్ తోటల్లో ఆయన స్టీలు తీగ దేవకన్యలు గాలికి ఎదురొడ్డి, తమకంటే పెద్ద గడ్డిపూలను పట్టుకుని వేలాడుతుంటాయి.

మన దేశంలో నేక్ చంద్ 1957 నుంచి చండీగఢ్‌లో ఇనుప చట్రాల మీద సిమెంటు, విరిగిన గాజులు, పింగాణీ పెంకులు అతికి ఒక బొమ్మల తోటనే కట్టాడు.

ఇక మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు చూద్దాం. పొలంలో దిష్టిబొమ్మ ఉంది. జాతరలో వెదురు చట్రం మీద లేచే బుట్టబొమ్మ ఉంది. అన్నిటికంటే తీగబొమ్మకు దగ్గరి చుట్టం కొల్లేటి చేపల మావు. సన్నగా చీల్చిన వెదురు పుల్లలను పక్కపక్కన పేర్చి తాడుతో ముడివేస్తారు. మూతి దగ్గర పుల్లల కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. చేప దూరేటప్పుడు దారిస్తాయి, వెనక్కి తిరిగితే అడ్డుపడతాయి. లోపలంతా డొల్ల, కానీ ఆకారం చెక్కుచెదరదు. సన్నటి పుల్లలతో గాలిని చుట్టి రూపం నిలబెట్టడం ఈ నీళ్ళలో బతికేవాళ్ళకు ఒకరు నేర్పవలసింది కాదు. ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లిన మన అమ్మల వేళ్ళకూ, కడ్డీలకు రోజంతా బైండింగు వైరు ముడులు వేసే రాడ్ బెండింగు పనివాళ్ళ చేతులకూ అంతే.

గోదావరి అవతల కడియం నర్సరీలలో ఈ చట్రం విద్య మరో దారి పట్టింది. ఇనుప కడ్డీతో ఏనుగో నెమలో చట్రం కట్టి, దాని మీదికి మొక్కను పాకించి, కత్తిరిస్తూ పోతారు. కొన్నాళ్ళకు చట్రాన్ని ఆకులు మింగేస్తాయి, ఏనుగే మిగులుతుంది. అది అందమే. కానీ అక్కడ తీగ చేసిన పని కంటికి కనబడదు. దేవకన్య బొమ్మలో ఒక్కో చుట్టూ కనబడుతుంది, చేసిన చెయ్యి కనబడుతుంది. అందుకే నాకు అదే ఎక్కువ ఇష్టం. తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెలిసింది. తోటల అలంకరణ చదివే పిల్లలకు అక్కడ ఈ చేతిపని కూడా నేర్పితే బాగుంటుంది.

అయితే మన తీగకు ఇంగ్లిష్ దేవకన్యే దిక్కా? కొల్లేటి గూడబాతు లేదూ! పొడుగాటి ముక్కుకు ఒకే లావు తీగ, కింద సంచికి వదులు చుట్లు, అంతే కావాలి. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో వాటి పెద్ద గూళ్ళ స్థావరాన్ని కనుగొన్నారు. 1970లలో అది ఖాళీ అయింది. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో, అటవీ శాఖ నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు మళ్ళీ గూళ్ళు పెట్టి పిల్లలను సాకుతున్నాయి. మీ తోటకు మొదటి తీగబొమ్మ చేసే ముందు ఒకసారి ఆటపాక వెళ్ళి వాటిని చూసి రండి.