మూడు తాళాల పెట్టె

ఉద్యోగం మీద బ్రిటన్ వచ్చిన మొదటి మూడేళ్లూ నా జీతం వచ్చింది వచ్చినట్టు కరెంట్ ఎకౌంట్‌లోనే పడుండేది. దాని మీద వడ్డీ సున్నా. ఆఫీసులో వేరేవాళ్ల డేటా మీద పొద్దస్తమానం లెక్కలు వేసేవాణ్ణి, నా డబ్బు గురించి మాత్రం ఒక్క లెక్కా వేసుకోలేదు. ఒక శనివారం పట్టుబట్టి కూర్చుంటే స్క్రీన్ మీద జాబితా: ఈజీ యాక్సెస్, నోటీస్ ఎకౌంట్, ఫిక్స్‌డ్ రేట్, రెగ్యులర్ సేవర్, క్యాష్ ఐసా, స్టాక్స్ అండ్ షేర్స్ ఐసా, లైఫ్‌టైమ్ ఐసా, ప్రీమియం బాండ్లు. పది నిమిషాల్లో ల్యాప్‌టాప్ మూసేశాను.

తర్వాత ఎకౌంట్ తెరవడం మానేసి, ఈ పేర్లన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో చదవడం మొదలుపెట్టాను. పని తప్పించుకోడానికి చదివిన చదువే చివరికి పనికొచ్చింది. ఎందుకంటే వీటిలో చాలావాటి వెనక ఒక పాత దెబ్బ ఉంది. ఎక్కడో ఎవరో సామాన్యుడు డబ్బు పోగొట్టుకుంటే, ఆ గాయానికి కట్టిన కట్టు ఇప్పుడొక పథకం పేరుగా మిగిలింది.

కథ స్కాట్లండ్‌లోని రూత్‌వెల్ అనే పల్లెలో మొదలవుతుంది. 1810లో అక్కడి చర్చి పాస్టర్ హెన్రీ డంకన్ ఊళ్లోని కూలీల కోసం ఒక పొదుపు బ్యాంకు పెట్టాడు. అప్పటి బ్యాంకుల్లో ఎకౌంట్ తెరవాలంటే 10 పౌండ్లు కావాలి. ఏడాదంతా కష్టపడ్డా కూలివాడి చేతిలో అంత మిగలదు. డంకన్ బ్యాంకులో 6 పెన్నీలతో మొదలుపెట్టొచ్చు. వచ్చిన డబ్బునంతా కలిపి పెద్ద మొత్తంగా పట్నంలోని బ్యాంకులో వేసి, ఆ వడ్డీని పంచేవాడు. మొదటి ఏడాదిలో పోగైంది 151 పౌండ్లు.

ఈ కథలో నాకు బాగా నచ్చింది వడ్డీ కాదు, పెట్టె. ఆ బ్యాంకు పెట్టెకు మూడు తాళాలుండేవి. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. ముగ్గురూ ఒక్కచోట చేరితే తప్ప అది తెరుచుకోదు. పాస్టర్‌గారు ఎంత మంచివాడైనా ఆయన మంచితనం మీద బ్యాంకు నడవకూడదని ఆయనకే తెలుసు. మా వృత్తిలో ప్రొడక్షన్ సర్వర్‌ని ఒక్కడి పాస్‌వర్డ్‌తో నడపొద్దంటారే, అదే సూత్రం.

డంకన్ ఆలోచన త్వరగా పాకింది. 1817లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లోని ఇలాంటి బ్యాంకులు జనం డబ్బును ప్రభుత్వ ఖాతాలో జమచెయ్యాలి. లండన్ చేరిన డబ్బు భద్రమే. మరి చేరనిదో? 1849లో రాచ్‌డేల్ పొదుపు బ్యాంకు వ్యవహారాలు చూసే జార్జ్ హావర్త్ చనిపోయాడు. మిల్లు యజమాని, భక్తిపరుడు, ఊళ్లో గొప్ప పేరున్నవాడు. ఆయన పోయాక లెక్కలు చూస్తే 70 వేల పౌండ్లకు పైగా లేవు. జనం చేతుల్లో ఉన్న పాస్‌బుక్కుల్లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ అంకెలకు వెనక ఉండాల్సిన డబ్బే లేదు. పెట్టెకు పేరుకి ఎన్ని తాళాలున్నా, తాళంచెవుల గుత్తి మొత్తం ఒక్క పెద్దమనిషి చేతిలో పెట్టారు.

ఇలాంటి దెబ్బల తర్వాత వచ్చిందే పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు. హడర్స్‌ఫీల్డ్ బ్యాంకరు చార్లెస్ సైక్స్ ఆలోచన చెప్పాడు, ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ 1861లో చట్టం చేశాడు. వడ్డీ 2.5 శాతం, అంటే 240 పెన్నీల పౌండుకి ఏడాదికి 6 పెన్నీలు. తక్కువే, కానీ ప్రభుత్వ పూచీ. ఇందులో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ఊళ్లో పోస్ట్‌మాస్టర్ పుస్తకంలో జమ రాసి ముద్ర వేస్తే సరిపోదు. ఆ జమ అందినట్టు లండన్ ప్రధాన కార్యాలయం నుంచి మీ ఇంటికి విడిగా ఉత్తరం రావాలి. రాకపోతే మీరు అడగాలి. ఇప్పుడు ఫోనుకొచ్చే మెసేజ్‌కి ఇది ముత్తాత. రాచ్‌డేల్‌లో జరిగిన మోసం ఈ ఒక్క ఉత్తరంతో కష్టమైపోతుంది.

ఈ ఏర్పాటే 1882లో ఇండియాకి వచ్చింది. మా తాతయ్య ట్రంకుపెట్టెలో బట్టల మడతల మధ్య దాచుకున్న పోస్టాఫీసు పాస్‌బుక్కు వంశవృక్షం గీస్తే, పైన రాచ్‌డేల్ మిల్లు కార్మికులు కనబడతారన్నమాట.

రెండో పాయ మనకింకా దగ్గరిది. 1775లో బర్మింగ్‌హామ్‌లో రిచర్డ్ కెట్లీ అనే ఆయన నడిపే గోల్డెన్ క్రాస్ అనే సత్రంలో కొందరు చేరి, నెలనెలా తలా కొంత వేసుకుని, ఆ పోగుతో ఒకరి తర్వాత ఒకరు ఇల్లు కట్టుకునే సంఘం పెట్టారు. ఇలాంటి సంఘాల్లో ఎవరి వంతు ముందనేది చీట్లు తీసో, పాట పాడో తేల్చేవారు. అందరికీ ఇళ్లయ్యాక సంఘం మూసేస్తారు. ఈ పద్ధతిని తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు, ఇది చీటీయే. 1845 నుంచి మూతపడని శాశ్వత సంఘాలు వచ్చాయి. ఇల్లు కట్టుకునే ఉద్దేశం లేనివాళ్లు కూడా వీటిలో డబ్బు దాచుకున్నారు. ఇవే బిల్డింగ్ సొసైటీలు. వాటాదారులు వేరే ఎవరూ ఉండరు, డబ్బు వేసినవాళ్లే యజమానులు.

ఇక మూడోది జాక్‌పాట్. 1956 బడ్జెట్లో హెరాల్డ్ మాక్‌మిలన్ ప్రీమియం బాండ్లు ప్రకటించాడు. పెట్టిన పౌండు ఎక్కడికీ పోదు, కానీ వడ్డీ మీ చేతికి రాదు. అందరి వడ్డీ కలిపి నెలనెలా బహుమతులుగా పంచుతారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ తప్పుపట్టాడు. ప్రతిపక్షంలో ఉన్న హెరాల్డ్ విల్సన్ ఇదో నీచమైన లాటరీ అని తిట్టిపోశాడు, తర్వాత తను ప్రధానమంత్రి అయ్యాక మాత్రం దాని జోలికి పోలేదు. 1957 జూన్‌లో తీసిన మొదటి డ్రాలో పెద్ద బహుమతి 1,000 పౌండ్లు. నంబర్లు ఎంచిన యంత్రం పేరు ఎర్నీ. యుద్ధకాలంలో జర్మన్ల సంకేతాలు ఛేదించడానికి కొలోసస్‌ని తయారుచేసిన పోస్టాఫీసు ఇంజనీర్లే దీన్నీ కట్టారు. నియాన్ గొట్టాల్లోని ఎలక్ట్రాన్ల గందరగోళం నుంచి ర్యాండమ్ నంబర్లు తీసేవారు. నా బోటివాడు ఈ ఒక్క కారణానికే బాండ్లు కొనేస్తాడు.

కానీ లెక్క చూడాలి. ప్రీమియం బాండ్లకు ప్రకటించే రేటు సగటు. లక్షల పౌండ్ల బహుమతులు ఆ సగటును పైకి లాగుతాయి. వంద పౌండ్లు పెట్టినవాడికి ఏడాది మొత్తం మీద అసలేమీ రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. గెలిచినవాళ్ల సంబరం వినబడుతుంది, రానివాళ్ల వడ్డీ నిశ్శబ్దంగా పోతుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాట్లు చేసినా, వీటిలో ఏ తాళమూ ఆపలేని దొంగ ఒకడున్నాడు. వాడే ధరల పెరుగుదల. 1861 నాటి 2.5 శాతం పోస్టాఫీసు వడ్డీ వందేళ్లకు పైగా అలాగే ఉండిపోయింది. 1975 ఆగస్టులో ధరలు ఏడాది కిందటికన్నా 26.9 శాతం పెరిగాయి. పెట్టెలో పౌండ్లు లెక్కకు తగ్గలేదు, వాటితో వచ్చే రొట్టెలే తగ్గాయి. ఆ ఏడాదే ప్రభుత్వం ధరలతో పాటు పెరిగే పొదుపు పత్రాలు తెచ్చింది, మొదట్లో పెన్షన్ వయసువాళ్లకే. జనం వాటిని అమ్మమ్మ బాండ్లు అన్నారు.

ధరల్ని దాటాలంటే షేర్లు కావాలి. ఒక్కడు కొనలేని రకరకాల పెట్టుబడుల్ని చిన్న మదుపరులకు కలిపి ఇవ్వాలని 1868లోనే లండన్‌లో ఫారిన్ అండ్ కలోనియల్ ట్రస్టు పుట్టింది. 1931లో మొదటి యూనిట్ ట్రస్టు వచ్చింది. కానీ ఇది మామూలు ఇళ్లలోకి వచ్చింది థాచర్ కాలంలోనే. 1986లో బ్రిటిష్ గ్యాస్ షేర్లు అమ్మడానికి, సిడ్‌కి చెప్పండంటూ ఊరూవాడా ప్రకటనలు వేశారు. ఆ సిడ్ ఎవరో కాదు, అంతవరకు షేరు మొహం చూడని మామూలు మనిషి. 1987లో పెప్, 1991లో టెస్సా, 1999లో ఈ రెంటి స్థానంలో ఐసా. ఐసా అనేది పెట్టుబడి కాదు, పన్ను తడవకుండా పట్టే గొడుగు. దాని కింద నగదు పెట్టాలా షేర్లు పెట్టాలా అన్నది మీ ఇష్టం.

మీ ఇష్టం! ఇక్కడే కథ మలుపు తిరిగింది. అంతకుముందు పాస్టరో, పోస్టాఫీసో, సంఘమో మనిషి తరఫున కొంత ఆలోచించేవి, కొంత పెత్తనమూ చేసేవి. ఇప్పుడు ఆ ఆలోచన మొత్తం అతని నెత్తినే పడింది. అదే కాలంలో బిల్డింగ్ సొసైటీలు ఒక్కొక్కటీ బ్యాంకులుగా మారాయి: 1989లో ఆబీ నేషనల్, 1997లో హాలిఫాక్స్, నార్తర్న్ రాక్. ఒక్క హాలిఫాక్సే 75 లక్షల మందికి పైగా సభ్యులకు ఉచితంగా షేర్లు పంచింది. రెండు శతాబ్దాల చీటీని పాడుకుని పంచేసుకున్నారు. నేషన్‌వైడ్ సభ్యులు మాత్రం 1998లో స్వల్ప తేడాతో వద్దన్నారు. అలా బ్యాంకులైన సొసైటీల్లో 2008 చివరికి ఒక్కటీ స్వతంత్రంగా మిగల్లేదు.

2007 సెప్టెంబరు 14న నార్తర్న్ రాక్ శాఖల ముందు క్యూలు కట్టారు. ఆ క్యూల్ని చూసి జనం భయపడిపోయారని, గుంపు మనస్తత్వమని చాలామంది రాశారు. నాకలా అనిపించదు. అప్పటి నియమం ప్రకారం బ్యాంకు మునిగితే మొదటి 2,000 పౌండ్లకు పూర్తి పూచీ, తర్వాతి 33,000కి 90 శాతమే. 35,000 దాచుకున్నవాడికి దక్కేది 31,700. అంటే 3,300 పౌండ్లు పోతాయి. దానికోసం ఒక పూట క్యూలో నిలబడటం పిచ్చి కాదు, లెక్క. మూడు రోజుల తర్వాత ప్రభుత్వం మొత్తానికీ హామీ ఇచ్చాకే క్యూలు కరిగాయి. ఆ పూచీ పరిమితి తర్వాత పెరుగుతూ వచ్చి 2025 డిసెంబరు నుంచి 1,20,000 పౌండ్లయింది. అయితే ఇది మనిషికి, బ్యాంకు లైసెన్సుకి ఇంత అని, బోర్డు మీది పేరుకి కాదు. హాలిఫాక్స్, బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ రెండు పేర్లు, లైసెన్సు ఒకటే.

మా పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉంది. ఆమె డబ్బంతా ఒకే ఎకౌంట్‌లో ఉంది. తెరిచినప్పుడు అది మంచి రేటే. తర్వాత అదే బ్యాంకు కొత్తవాళ్ల కోసం వేరే పేర్లతో కొత్త ఎకౌంట్లు తెస్తూ పోయింది, పాతదాని వడ్డీ జారుతూ వచ్చింది. నేను చూసిన రోజుకి ఆమెకి ఒక శాతం, కొత్తగా వచ్చినవాడికి నాలుగు. ఆమె ఎకౌంట్ ఉన్న శాఖ ఇప్పుడు కాఫీ షాపు. మార్చేద్దామని చెప్పాను. ఆవిడ వెంటనే వడ్డీ గురించి అడగలేదు. "ఏదైనా తేడా వస్తే నేను ఎవరి దగ్గరకెళ్లి అడగాలి?" అంది.

రెండు వందల ఏళ్లుగా ఉన్న ప్రశ్నే అది. తాళంచెవి ఎవరి దగ్గరుంది? రూత్‌వెల్ కూలికి ఆ ముగ్గురి పేర్లూ తెలుసు. ఈవిడకి ఒక హెల్ప్‌లైన్ నంబరు తెలుసు. ఎంచుకునే స్వేచ్ఛ నాలాంటివాడికి ఒక శనివారం హోంవర్క్. ఆమెకి మాత్రం అది ఏటేటా కట్టే జుర్మానా.

చివరికి నేను చేసిందేమీ గొప్పది కాదు. ఆర్నెల్ల ఖర్చులకు సరిపడా ఈజీ యాక్సెస్‌లో పెట్టాను, బోనస్ రేటు ఎప్పుడు పోతుందో క్యాలెండర్‌లో రాసుకున్నాను. ఐదారేళ్లు ముట్టుకోనక్కర్లేనిది ఐసా గొడుగు కింద తక్కువ ఖర్చున్న ఇండెక్స్ ఫండ్‌లో వేశాను, పడినా చూస్తూ ఊరుకోగలిగినంతే. ఎర్నీ మీద అభిమానంతో కొన్ని బాండ్లు. ఒకచోట దాచేముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాను: మునిగితే పూచీ ఎవరిది, కావాల్సినప్పుడు చేతికొస్తుందా, ఏడాది తర్వాత రేటెంత, ధరల్ని అందుకుంటుందా. నాలుగింటికీ ఒకేసారి అవునని చెప్పే ఎకౌంట్ నాకు కనబడలేదు. అందుకే డబ్బు మూడు చోట్ల ఉంది.

పెద్దావిడ ఎకౌంట్ మాత్రం ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని మార్చాం. పట్టణంలో శాఖ ఇంకా తెరిచే ఉన్న ఒక బిల్డింగ్ సొసైటీకి. అక్కడ కౌంటర్ ఉంది, కౌంటర్ వెనక మనిషి ఉన్నాడు, పాస్‌బుక్ కూడా ఇస్తారు. జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఇచ్చేది అది కాదు. ఆ సంగతి చెప్పాను కూడా. ఆవిడ పాస్‌బుక్ తెరిచి, మొదటి పేజీలో తన పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకుని, సంచీలో పెట్టుకుంది.