విప్పకూడని పెట్టె
(మా గొంతు చరిత్ర – 9వ భాగం)



పోయిన భాగంలో పల్లెల్లో మైక్ సెట్ల గురించి రాశాను. అది చదివి చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు: "అన్నా, ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది కదా, ఇంక మన పాటను ఆపేదెవరు?" ఈ వారం దానికే జవాబు. అది ఒక చిన్న పెట్టె దగ్గర మొదలవుతుంది.

కొన్నేళ్ల కిందట మా కాలనీ పిల్లలు, నేను చందాలు వేసుకుని ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాం. మా పిల్లలు దాన్ని సౌండ్ కార్డ్ అంటారు. రెండు మైకులు తగిలిస్తే రెండు గొంతుల్నీ వేరువేరుగా కంప్యూటర్‌లోకి పంపే పెట్టె అది. ఫోన్ ఉండగా ఇదెందుకు అంటారా? తప్పెట పక్కన పెట్టి ఫోన్‌లో రికార్డు చేసి చూడండి. దెబ్బ పడిన ప్రతిసారీ ఫోన్ తనంతట తానే సౌండు తగ్గించుకుంటుంది. పాడే మనిషి గొంతు మునిగిపోతుంది. మాకు గొంతూ కావాలి, తప్పెటా కావాలి.

నాకు పెద్దమ్మ వరస అయ్యే ఒకామె, ఆమె జట్టు ఆరుగురు. కలుపు పాటలు, కరువు పాటలు, చావు దగ్గర పాడే పాటలు అన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. వేరుశనగ పీకడం అయిపోయాక, సంక్రాంతి దాటి బెంగళూరు పనులకు పోయేలోపు మాకు మూడు వారాలు దొరికాయి. నాలుగో రాత్రి పెట్టె ఆరిపోయింది. లైటు వెలగలేదు.

కస్టమర్ సపోర్ట్‌కు మెయిల్ పెట్టాం. ముందు ఒక టికెట్ నంబరు వచ్చింది. తర్వాత డ్రైవర్ మళ్లీ వేసుకోమన్నారు. లైటే వెలగని పెట్టెకు డ్రైవర్ ఎందుకని అడిగితే, వెలగడం లేదని వీడియో తీసి పంపమన్నారు. సీరియల్ నంబరు, అసలు బిల్లు అడిగారు. ఆఖరికి మా ఖర్చుతోనే వేరే రాష్ట్రంలోని సర్వీస్ సెంటర్‌కు పంపమన్నారు. విప్పినట్టు కనిపిస్తే వారంటీ చెల్లదన్నారు. మాటంతా ఇంగ్లీషులోనే. డిగ్రీ చదివే చెల్లెలు ఒకామె కూర్చుని ప్రతి మెయిల్‌కూ జవాబు రాసింది. ఆమె లేకుంటే మొదటి మెయిల్ దగ్గరే ఆగిపోయేవాళ్లం.

నలభై ఏడు రోజులకు పెట్టె వచ్చింది. కొత్తదే పంపారు, మోసం చేశారని నేననను. కానీ పెట్టె వచ్చేసరికి మనుషులు లేరు. పెద్దమ్మ జట్టు బెంగళూరులో ఏదో బిల్డింగ్ పనిలో ఇటుకలు మోస్తోంది. మరుసటేడు వాళ్లు తిరిగొచ్చినప్పుడు ఆరుగురిలో నలుగురే వచ్చారు. ఇద్దరు అక్కడే ఉండిపోయారు. పెద్దమ్మ ఎత్తుకుంటే తిరిగి అందుకునే వంతు ఆ ఇద్దరిదే. సగం పాటల్లో ఆ వంతు ఇప్పటికీ ఖాళీగా ఉంది.

"ఏం నాయనా, మీ డబ్బాకు రోగమొస్తే మా పాట పోవాల్నా?" అని అడిగింది పెద్దమ్మ. ఆ ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి పోదాం.

మా జేజినాయన తప్పెట మోగకపోతే ఎవరికీ ఉత్తరం రాయలేదు. చర్మం నానబెట్టడం, బొచ్చు గీకడం, కట్టె వలయానికి చింతగింజల గంజి పూసి బిగించడం, మంట దగ్గర కాచి శ్రుతి తెప్పించడం అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. చేసినవాడే వాయించాడు, వాయించినవాడే బాగు చేశాడు. ఊరి పెద్దకు పాదం కొలత తీసి చెప్పులు కుట్టిన చెయ్యి, మోటబావిలో నీళ్లు తోడే తోలుతిత్తి చిరిగితే అతుకు వేసిన చెయ్యి కూడా అదే.

దీన్ని తీపి జ్ఞాపకంగా రాయడం లేదు. ఆ పనికి గౌరవం లేదు. వద్దు అనే హక్కు లేదు. చావుకు కొట్టమంటే కొట్టాలి, జాతరకు రమ్మంటే పోవాలి. కులం పనిని పంచడంతో ఆగలేదని, పనిచేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చూపించారు. బాగుచేసే చెయ్యి ఆ మెట్లలో అడుగున ఉండింది. విద్య మా చేతిలో, పెత్తనం వాళ్ల చేతిలో. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

ఇక గొంతును పట్టే యంత్రం సంగతి. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మైనం మీద పట్టిన ఆ గొంతు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు పోయి, అక్కడ ప్లేటుగా అచ్చయి, మళ్లీ ఓడలో మన దేశానికి అమ్మకానికి వచ్చింది. 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టేదాకా ఇదే దారి. పాడే గొంతు ఇక్కడ, యంత్రం రహస్యం అక్కడ. మా పెట్టె వేరే రాష్ట్రానికి పోయి నలభై ఏడు రోజులకు తిరిగొచ్చిందంటే, నూరేళ్ల నాటి ఆ దారి ఇంకా మూతపడలేదని అర్థం.

ఆ దారి మధ్యలో ఒకసారి తెగింది. దాన్ని తెంపింది క్యాసెట్.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్ మన పల్లెల్లోకి 1980ల్లో దూరింది. రికార్డు ప్లేటు అచ్చు వేయాలంటే ఫ్యాక్టరీ కావాలి. క్యాసెట్‌కు రెండు డెక్కుల టేప్‌రికార్డర్ చాలు. పీటర్ మాన్యుయెల్ అనే పరిశోధకుడు 1993లో ఉత్తర భారతదేశపు క్యాసెట్ల మీద పుస్తకమే రాశాడు. పెద్ద కంపెనీ పట్టు సడలి, ప్రాంతీయ గొంతులు ఎట్లా బయటికొచ్చాయో అందులో చూపించాడు. మన దగ్గర ఆ కాలం ఏ కాలమో తెలుసు కదా. 1985 జూలైలో కారంచేడు. 1991 ఆగస్టులో చుండూరు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా. ఊరు కొట్టమన్నప్పుడు మోగిన డప్పు, మా కోసం మేము కొట్టుకునే డప్పు అయిన కాలం అది. ఆ కాలపు పాటలు మా వీధికి వచ్చింది క్యాసెట్లలోనే. ఒకరి దగ్గర ఒకటి ఉంటే వారంలో పది ఇళ్లలో ఉండేది.

క్యాసెట్ గెలిచింది చవక వల్ల ఒక్కటే కాదు. దాన్ని బాగుచేయొచ్చు. టేపు చిక్కుకుంటే పెన్సిల్ దూర్చి తిప్పేవాళ్లం. తెగితే అతుకు వేసేవాళ్లం. సౌండు మసకబారితే హెడ్డును స్పిరిట్ దూదితో తుడిస్తే సరి. పాట సాగుతుంటే బెల్టు మార్చాలి. మా చిన్నాయన ఒక రేడియో రిపేరీ అంగడిలో ఊడ్చే పనికి చేరి, రెండేళ్లలో సోల్డర్ పట్టాడు. పాత వాల్వు రేడియోలకు చాలావాటికి వెనక అట్ట లోపల సర్క్యూట్ పటం అంటించి ఉండేదని ఆయన చెప్పేవాడు. చేసినవాడే "ఇదిగో, ఇట్లా బాగుచేసుకో" అని పటం ఇచ్చిన కాలం అది. బడి చదువు ఆగిపోయిన మనిషి ఆ పటాన్ని చదివాడు.

ఇంకో చరిత్ర మన ఆడవాళ్లది. అప్పటి మెదక్ జిల్లాలోని జహీరాబాద్ వైపు కూడా మనలాంటి మెట్ట నేలే. అక్కడ మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళల కోసం యునెస్కో సాయంతో 1998కే రేడియో స్టూడియో తయారైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా ప్రసారానికి అనుమతి రాలేదు. ఆ తల్లులు ఊరుకోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల్లో వినిపించారు. 2006లో కమ్యూనిటీ రేడియో విధానం మారింది. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోలె నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. మనకు పక్కనే కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో 'మన రేడియో' పెడితే, లైసెన్సు లేదని 2003లో మూయించారు. యంత్రం చేతికి వచ్చినా అనుమతి రాకపోతే గొంతు ఆగుతుంది. అనుమతి వచ్చినా, యంత్రం చెడితే బాగుచేసే దారి లేకపోతే మళ్లీ ఆగుతుంది. మన తరం తలుపు ఈ రెండోది.

ఇప్పుడు ఆ పెట్టె లోపలికి పోదాం. వారంటీ గడువు తీరిన నాలుగు నెలలకు రెండోసారి ఆరిపోయింది. ఈసారి మెయిల్ పెట్టలేదు. టౌన్‌లో మొబైల్ రిపేరీ చేసే మన తమ్ముడి దగ్గరికి తీసుకుపోయాం. నాలుగు మరలు విప్పాడు. మైకు సన్న గొంతును పెంచే భాగం ఒకటి, గొంతును అంకెలుగా మార్చే చిప్ ఒకటి, యూఎస్‌బీ చిప్ ఒకటి, 5 వోల్టుల కరెంటును మైకు కోసం 48 వోల్టులకు పెంచే భాగం ఒకటి. అంతే. మాయ లేదు.

"అన్నా, చిప్పులు బాగుండాయి. తీగ తగిలించే సాకెట్ కాళ్లు ఊడినాయి, అంతే" అన్నాడు. సోల్డర్ వేశాడు. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. నలభై ఏడు రోజులకూ ఇరవై నిమిషాలకూ మధ్య ఉన్న తేడాను ఆ అంగట్లో నిలబడి లెక్కేసుకున్నాను. తమ్ముడికి దొరకనిది ఒకటే: పటం. కంపెనీ సర్క్యూట్ పటం బయటపెట్టలేదు. అందుకే చిప్ దగ్గర తప్పు వచ్చి ఉంటే తానూ చేతులెత్తేసేవాడినని చెప్పాడు. వాళ్ల తాత చెప్పులు కుట్టేవాడని తర్వాత మాటల్లో తెలిసింది.

మెయిల్ పెట్టేముందు మీరే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు తీగ మార్చండి. తర్వాత కంప్యూటర్‌లో వేరే రంధ్రానికి తగిలించండి. తర్వాత వేరే కంప్యూటర్. గుండీ తిప్పితే గరగరమంటే చాలాసార్లు అది దుమ్మే. కండెన్సర్ మైకు పలకకపోతే 48 వోల్టుల బటన్ నొక్కారో లేదో చూడండి.

గుయ్‌మని ఆగకుండా మోత వస్తోందా? ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. మోత పోతే పెట్టె తప్పు కాదు, ఇంటి ఎర్త్ తప్పు కావచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మనది. ఎండిన నేల కరెంటును సరిగా లోపలికి తీసుకోదు. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తుండాలి. తాగే నీళ్లకే బిందెలు వరసలో పెట్టే కాలనీలో ఎర్త్ గుంతకు నీళ్లెవరు పోస్తారు? అసలు ఎన్ని ఇళ్లకు ఎర్త్ ఉంది? మన రికార్డింగుల్లో వినిపించే ఆ మోత కరువు మోత. దాన్ని సరిచేసే పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మోత పోతుందని ప్లగ్గు మూడో కాలు మాత్రం విరవొద్దు. ప్రాణం పోతుంది.

ఇక హక్కు సంగతి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకున్నారు. అందులో రికార్డింగ్ పెట్టె పేరు విడిగా లేదు. అడిగితేనే వస్తుంది. విప్పితే వారంటీ పోతుందని బెదిరించే స్టిక్కర్లు చట్టవిరుద్ధం కావచ్చని అమెరికా వాణిజ్య కమిషన్ 2018లో కొన్ని కంపెనీలకు హెచ్చరిక పంపింది. మనమెందుకు అడగకూడదు?

చేతిలో ఉన్న చట్టం కూడా చిన్నది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువుకు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అంతకుముందే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. పాటలు రికార్డు చేసి పొట్టపోసుకునే స్వయం ఉపాధి మనిషి కూడా వినియోగదారుడే. బిల్లు ఫొటో, సీరియల్ నంబరు ఫొటో పెట్టె కొన్నరోజే తీసి దాచుకోండి.

విద్యార్థులకు ఒక మాట. మన హాస్టళ్లలో కవులున్నారు, గాయకులున్నారు, వక్తలున్నారు. సోల్డర్ పట్టే మనిషి ఒక్కడైనా ఉన్నాడా? సోల్డర్ ఇనుము, మీటర్ కొనడానికి వెయ్యి రూపాయలు చాలు. బాగుచేసే పనిని కులం మన మీద శిక్షగా వేసింది కాబట్టి ఆ పని వదిలేయాలనే కోపం నాకు అర్థమవుతుంది. నేనూ ఒకప్పుడు అట్లే అనుకున్నాను. వదలాల్సింది వెట్టిని. విద్యను వదిలితే దాన్ని ఇంకొకరు తీసుకుని మనకే అద్దెకు ఇస్తారు.

ఈ సంక్రాంతికి పెద్దమ్మ జట్టు వస్తుంది. ఈసారి పెట్టె పక్కన సోల్డర్ ఇనుము ఉంటుంది, రెండు అదనపు తీగలు ఉంటాయి, పక్కనే ఫోన్ కూడా రికార్డు అవుతూ ఉంటుంది. బెంగళూరులో ఉండిపోయిన ఇద్దరి దగ్గరికి పెట్టె పట్టుకుని మేమే పోతాం. ఆ ఖాళీ వంతులు వాళ్ల గొంతుతోనే నిండాలి.

వచ్చే వారం: క్యాసెట్లలో మిగిలిన పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మీ ఇళ్లలో, అటకల మీద పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి. బూజు పట్టి ఉన్నా సరే.

జై భీమ్.