పాస్టరు నివేదికలో రాయని అంకె: దళిత క్రైస్తవ సంఘాల శరత్కాలం

సెప్టెంబరు నుంచి నవంబరు చివరి దాకా తెలుగు పల్లెల్లోని క్రైస్తవ సంఘాలకు ఊపిరి సలపనంత పని. ఆ తర్వాత పాస్టరు గారు ఒక నివేదిక రాస్తారు. కోత పండుగలో ఎంత కానుక వచ్చింది, స్త్రీల మైత్రి ఎన్నిసార్లు కూడింది, సండే స్కూలుకు ఎంతమంది పిల్లలు వస్తున్నారు, ఉజ్జీవ కూడికలకు ఏయే ఊళ్ల నుంచి విశ్వాసులు వచ్చారు, మందిరం స్లాబు పని ఎక్కడిదాకా వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. పెరుగుతున్న సంఘమైతే ప్రతి అంకె కిందటేటి కంటే ఎక్కువే ఉంటుంది. ఒక్కచోట మాత్రం కలం ఆగుతుంది. ఈ కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఎందరు, వాళ్ల పేర్లేమిటి?

ఆ గడి చాలా సంఘాల్లో ఖాళీగా ఉండిపోతుంది, లేదా పాస్టరుకే తెలిసిన లెక్కగా మిగిలిపోతుంది. దీన్ని కొందరు మోసం అంటారు, కొందరు పిరికితనం అంటారు. ఆ ఖాళీకి 75 ఏళ్ల చట్టం చరిత్ర ఉందని మేము అంటున్నాం. విద్యార్థులకు, కార్యకర్తలకు ఆ చరిత్ర ఒకచోట దొరకాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

శరత్కాలంలో సంఘం చేసే పనులు

సంఘం క్యాలెండరు కూలి పనుల క్యాలెండరును అనుసరించి నడుస్తుంది. కోస్తాలో వరి నాట్లు, కలుపులు అయిపోయి కోతలు మొదలయ్యే లోపు కొంత తీరిక దొరుకుతుంది. ఉజ్జీవ కూడికలు, ఉపవాస ప్రార్థనలు, స్త్రీల మైత్రి సభలు ఎక్కువగా ఆ వ్యవధిలో పెట్టుకుంటారు. ఆ తర్వాత కోత పండుగ. తేదీ ఊరిని బట్టి, పంటను బట్టి మారుతుంది. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు మందిరంలో పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత వేలం పాడతారు. సెంటు భూమి లేని కుటుంబాలు కూడా కూలిగా వచ్చిన గింజల్లోంచి తెచ్చి పెడతాయి. ఏడాది మొత్తంలో సంఘానికి పెద్ద రాబడి ఇదే అయిన ఊళ్లున్నాయి.

ఈ నెలల్లో కొన్ని తేదీలు ప్రత్యేకం. సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. సెప్టెంబరు 28 మహాకవి గుర్రం జాషువా జయంతి. 1895లో వినుకొండలో పుట్టిన ఆయనను క్రైస్తవం కులం నుంచి తప్పించలేదు. కవిగా పేరొచ్చాక కూడా కులం అడిగి అవమానించారు. అక్టోబరు 31 లూథరన్ సంఘాలకు సంస్కరణ దినం. నవంబరు 2న సమాధుల పండుగ. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. శ్మశానానికి స్థలం లేని పల్లెల్లో ఆ లోటు అందరి కళ్లకూ కనిపించే రోజు కూడా అదే. నవంబరు రెండో ఆదివారాన్ని భారత క్రైస్తవ సంఘాల జాతీయ మండలి, కాథలిక్ బిషప్పుల సమాఖ్య దళిత విమోచన ఆదివారంగా పాటిస్తాయి. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. ఆ తర్వాత కొద్ది రోజులకే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి.

ఈ సంఘాల పుట్టుక

తెలుగు నేల మీద క్రైస్తవం పెరగడంలో మిషనరీల పాత్ర ఎంతో, మాదిగ, మాల పెద్దల పాత్ర అంత. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. వ్యాపారం కోసం తిరిగిన ఊళ్లలోనే ఆయన తన విశ్వాసాన్ని చెప్పుకుంటూ వెళ్లారు. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. సాయం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ రోజు అంకెను దాచాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. లెక్క రాశారు, ప్రపంచానికి చెప్పారు. గుంటూరులో లూథరన్లు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, మెదక్‌లో వెస్లియన్లు పనిచేసిన చోట్లా ఎక్కువగా పల్లె, వాడ కుటుంబాలే సంఘాలయ్యాయి. బడి, ఆసుపత్రి, చదవను రాయను వచ్చిన ఒక ఉపదేశి వాటి వెంట వచ్చాయి.

మూడో పేరా

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు జారీ చేశారు. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులానికి చెందినట్టు భావించరాదని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చుతూ సవరించారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. షెడ్యూల్డు తెగలకు ఇలాంటి మతం షరతు లేదు. దళిత క్రైస్తవ సంస్థలు ఆగస్టు 10ని నల్ల దినంగా పాటించేది ఇందుకే.

ఈ పేరాను సవాలు చేసిన సూసై కేసులో 1985లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టే క్రైస్తవ దళితుడికి, హిందూ చర్మకారులకు ఇచ్చిన బంకు ఇవ్వలేదన్నది అసలు ఫిర్యాదు. మతం మారాక కూడా కులం కొనసాగుతోందని చూపితే చాలదని, కొత్త మతంలోనూ అంతే తీవ్రమైన వెనుకబాటు, వివక్ష ఉన్నాయని ఆధారాలతో చూపాలని కోర్టు అంది. అలాంటి ఆధారాలు తన ముందు లేవంది. ఈ మాటను గుర్తుంచుకోవాలి, వ్యాసం చివర మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

2007లో నివేదిక ఇచ్చిన రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను పూర్తిగా తొలగించాలని సిఫారసు చేసింది. కేంద్రం అమలు చేయలేదు. 2022 అక్టోబరులో ఇదే ప్రశ్న మీద మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసి, తర్వాత గడువు పొడిగించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. హోదా ఇచ్చే అధికారం రాష్ట్రానికి లేదు.

నిండే మందిరం, తగ్గే శాతం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971 జనగణనలో 4.19 శాతం. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34 శాతం. నలభై ఏళ్లలో మూడింట ఒక వంతుకు పడిపోయారు. అదే నలభై ఏళ్లలో పల్లెల్లో కొత్త మందిరాలు లేస్తూనే ఉన్నాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పాస్టరు నివేదికలోని ఖాళీ గడి అర్థమవుతుంది. ఆదివారం మందిరంలో కూర్చునేవాళ్లలో చాలామంది కాగితం మీద హిందువులు. పిల్లల స్కూలు సర్టిఫికెట్‌లో, స్కాలర్‌షిప్పు దరఖాస్తులో, జనగణన కాగితంలో ఆ ఒక్క పదం మారితే హాస్టలు సీటు, ఉద్యోగం, వార్డు సభ్యత్వం దాకా పోతాయి.

2027 మార్చి 1ని ఆధార తేదీగా తీసుకున్న జనగణనలో మతంతో పాటు అందరి కులమూ అడుగుతామని కేంద్రం ప్రకటించింది. మతం గడికీ కులం గడికీ మధ్య ఉన్న బిగువు ఇక ప్రతి దళిత క్రైస్తవ కుటుంబం గడప దాకా వచ్చినట్టే.

కోర్టులో చర్చి రిజిస్టరు

భయం ఊహ మాత్రమే కాదు. 2024 నవంబరు 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళకు ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించింది. పసితనంలో ఆమె పొందిన బాప్తిస్మం, చర్చికి వెళ్లే అలవాటు ఆమెకు వ్యతిరేకంగా నిలిచాయి. నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమేనని కోర్టు అంది. అంటే బాప్తిస్మం పుస్తకంలోని ఒక వరుస ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా సాక్ష్యమవుతుంది. భారత క్రైస్తవ వివాహ చట్టం, 1872 కింద లైసెన్సు ఉన్న పాస్టరు చేసే పెళ్లి కూడా ప్రభుత్వ రికార్డుకు ఎక్కుతుంది.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన కేసులో మరో అడుగు వేసింది. కులం పేరుతో దూషించి, కొట్టారని పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేశారు. పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఆ చట్టం రక్షణ వర్తించదని, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదని కోర్టు కేసు కొట్టేసింది. తిట్టినవాడికి ఎదుటి మనిషి కులం తెలుసు. చట్టానికి మాత్రం తెలియదు.

దీనికి రెండో వైపూ ఉంది. 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవులుగా మారిన తల్లిదండ్రులకు పుట్టిన వ్యక్తి హిందూ మతంలోకి వచ్చి, ఆ కులంవాళ్లు తమవాడిగా అంగీకరిస్తే ఎస్సీ అవుతాడని చెప్పింది. 2015లో కె.పి. మను కేసులోనూ ఆ దారే బలపడింది. పోయిందన్న కులం తిరిగి వస్తే దొరుకుతుందంటే, మధ్యలో అది ఎక్కడికీ పోలేదనే కదా.

రాష్ట్రం ఇచ్చేది, ఇవ్వలేనిది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వాళ్ల సంతానం బీసీ-సి వర్గం. దానికి ఒక శాతం రిజర్వేషన్. 1977 నాటి 341వ నంబరు ఉత్తర్వు కొన్ని చట్టేతర సంక్షేమ సదుపాయాలను దళిత క్రైస్తవులకూ వర్తింపజేసింది. అయితే ఎస్సీ రిజర్వుడు స్థానాల్లో పోటీ, ఎస్సీ కోటా ఉద్యోగం, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వీటి కిందకు రావు. ఈ తేడా తెలియక ‘మాకూ జీవో ఉంది కదా’ అనుకొని కేసులో దెబ్బతిన్నవాళ్లున్నారు.

మందిరం లోపలి కులం

చట్టాన్ని ప్రశ్నించే ముందు చర్చినీ ప్రశ్నించాలి. క్రీస్తులో కులం లేదని వేదిక మీద చెబుతాం. పెళ్లి సంబంధం దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర, శ్మశానం దగ్గర మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అన్నీ బయటికొస్తాయి. దళితులపై వివక్ష చర్చిలో ఉందని కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో తన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. దళితుల్లోంచి తొలి కార్డినల్‌గా హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022లో నియమితులయ్యారు. దేశంలో కాథలిక్కుల్లో దళితుల సంఖ్య చూస్తే అది చాలా ఆలస్యంగా వచ్చిన రోజు.

ఇక్కడే సూసై తీర్పు గుర్తు చేసుకోవాలి. కొత్త మతంలోనూ వివక్ష ఉందని ఆధారాలు చూపమని కోర్టు అడిగింది. పరువు కోసం చర్చి ఆ వివక్షను కప్పిపెట్టిన ప్రతిసారీ, తన విశ్వాసుల కేసును తానే బలహీనపరుస్తోంది.

కార్యకర్తలు గుర్తుంచుకోవలసినవి

బాధితులు క్రైస్తవులని తెలిస్తే అత్యాచారాల కేసు నిలవడం కష్టమని ముందే గ్రహించి, భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్లను కూడా మొదటి ఫిర్యాదులోనే రాయించాలి. అంటరానితనం ఏ రూపంలో ఉన్నా రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది, దానికి మతం షరతు లేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టాన్నీ న్యాయవాదితో చర్చించాలి.

ఎవరి మతం వాళ్లే చెప్పాలి. సర్వేల పేరుతో, సభల ఫొటోలతో, నివేదికల్లో పేర్లతో ఇతరుల విశ్వాసాన్ని బయటపెట్టే హక్కు కార్యకర్తకూ లేదు, పాస్టరుకూ లేదు. అలాగని అబద్ధం రాయమని మేము ఎవరికీ చెప్పం. నిజం చెబితే శిక్ష పడే నియమాన్నే తొలగించమంటున్నాం.

పాస్టర్లకు ఒక విన్నపం. మీ శరత్కాల నివేదికలో బాప్తిస్మాల గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. దాని పక్కన ఇంకొన్ని వరుసలు చేర్చండి. ఈ మూడు నెలల్లో శవాన్ని తీసుకెళ్లడానికి దారి ఇవ్వని ఘటనలు, శ్మశానం లేని పల్లెలు, కౌలుకు భూమి నిరాకరించిన సందర్భాలు, కులం పేరుతో తిట్టిన తిట్లు, మన మందిరంలోనే జరిగిన వివక్ష. తేదీ, చోటు, జరిగింది రాయండి, బాధితుల అనుమతి లేకుండా పేర్లు వద్దు. కమిషన్లు, కోర్టులు అడుగుతున్నది ఈ ఆధారాలనే. కోత పండుగ ధాన్యాన్ని గింజ కూడా పోకుండా కొలిచి రాసే అలవాటు మన సంఘాలకు ఉంది. ఈ లెక్కనూ అంత జాగ్రత్తగా రాసుకుంటే, బాప్తిస్మం అంకెను 1878లోలా నిర్భయంగా రాయగల రోజు దగ్గరవుతుంది.