ఆమె పక్కన నిలిచేదెవరు?

2022 ఫిబ్రవరి 12న సూరత్ శివార్లలోని పాసోదరాలో, చాలాకాలంగా వెంటపడుతున్న యువకుడు ఒక కాలేజీ అమ్మాయిని ఇంటివాళ్ల కళ్లెదుటే గొంతు కోసి చంపాడు. అడ్డుపడ్డ బంధువులూ గాయపడ్డారు. మే 5న, మూడు నెలలైనా నిండకముందే, సెషన్స్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. అంతకుముందు మాత్రం ఇంటివాళ్ల మందలింపులే ఆమెకు కాపు. ఠాణా మెట్లెక్కితే పిల్ల పేరు నలుగురి నోళ్లలో పడుతుందని జంకని కుటుంబం మన దగ్గరా అరుదే. అందుకు వాళ్లను తప్పుపట్టలేం. శిక్ష విషయంలో కనిపించిన తొందర తోడు అందించడంలో ఎందుకు లేదన్నదే నా బాధ.

2013కు ముందు వెంటపడటం విడిగా నేరమే కాదు. ఐపీసీ 509 లాంటి సెక్షన్లతో నెట్టుకొచ్చేవారు. ఆ రోజుల్లోనే, 2008 డిసెంబరులో, వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. మూడు రోజులకే నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు, జనం పోలీసులకు జేజేలు కొట్టారు. ఆ కోపం తూటాలతోనే చల్లారింది. వెంటపడేవాళ్ల భయంతో కాలేజీకి వెళ్లే మిగతా అమ్మాయిలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే వెంటపడటాన్ని విడిగా నేరం చేస్తూ 354డి సెక్షన్ వచ్చింది. మొదటిసారి దోషిగా తేలితే మూడేళ్ల దాకా జైలు, కానీ బెయిలు దొరికే నేరం. ఫిర్యాదు చేసిన పిల్ల మర్నాడు అదే సందులో అతని ఎదుటే నడవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కూడా దీన్ని మార్చలేదు.

తోడు వేరే దారిలో వచ్చింది. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్టీలో బస్టాపుల దగ్గర కాపు కాసి, వేధించేవాళ్లను వీడియోతో సహా పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తాయి. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టవు. గుజరాత్‌లో 2015 మార్చి 8న ‘181 అభయం’ హెల్ప్‌లైన్ రాష్ట్రమంతటా వచ్చింది. దాన్ని నడిపే ఈఎంఆర్ఐ, 2005లో హైదరాబాద్‌లో 108 అంబులెన్సులను మొదలుపెట్టిన సంస్థే. ఫోన్ చేస్తే కౌన్సెలరూ మహిళా కానిస్టేబులూ వాహనంలో ఇంటికే వస్తారు. ఠాణాకు వెళ్లడానికి జంకే ఇంటికి ఇదే అసలైన మేలు.

సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో. నగరపాలక సంస్థ అక్కడి పిల్లలకు తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. 181 సాయంలోనూ తెలుగు వినిపించాలి. భయాన్ని పరాయి భాషలో చెప్పుకోవడం కష్టం. పైగా చాలా ఇళ్లలో మొదట ఆగేది వెంటపడేవాడి ఆగడం కాదు, పిల్ల చదువు. మెసేజీలు చెరిపేయకుండా దాచమని, తేదీలు రాసుకోమని, చదువు మాన్పించొద్దని ఆ పిల్ల తల్లికి ఆమె భాషలోనే చెప్పే మనిషి కావాలి. ఇప్పుడు ఫిర్యాదు ఏ ఠాణాలోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఆ మూడు రోజులూ ఆ పిల్ల వెంట ఎవరో ఒకరు ఉండాలి.