మరో ప్రతి దొరికాక

పిహెచ్.డి. వచ్చిన రెండేళ్ళకి, పుస్తకంగా వేద్దామని నా థీసిస్‌ని మళ్ళీ ముందేసుకుని కూర్చున్నాను. ముద్దుపళని అధ్యాయం దగ్గర చెయ్యి ఆగిపోయింది. రాసింది ఆరు పేజీలు. ఆవిడ గురించి సాహిత్య చరిత్రకారులు ఏమన్నారో అంతా ఉంది. 'రాధికా సాంత్వనము' అవతారికలో ఆవిడ తన గురించి తాను ఏం చెప్పుకుందో మాత్రం లేదు. నేను చదవలేదు మరి! ఫుట్‌నోట్లు నిండుగా ఉండడంతో వైవాలో కూడా ఎవరూ అడగలేదు.

ఆ సిగ్గుతోనే బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) దగ్గరికి వెళ్ళాను. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించిన గాయనిగా ఆవిడ అందరికీ తెలుసు. నాకిప్పుడు కావలసింది పుస్తకం పరిష్కరించిన నాగరత్నమ్మ.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని కావ్యం అప్పటికే అచ్చులో ఉంది. పైడిపాటి వెంకటనరసు 1887లో వేశారు, 1907లో మళ్ళీ వచ్చింది. నాగరత్నమ్మ కష్టపడి ఒక అచ్చు పుస్తకం సంపాదించి చదివింది, ఇష్టపడింది. అక్కడితో ఆగినా ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. తర్వాత ఒక రాతప్రతి చేతికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే, అచ్చు పుస్తకంలో అవతారిక లేదు, చివరి గద్య లేదు, కొన్ని పద్యాలూ లేవు!

అవతారిక అంటే మర్యాదకి రాసే నాలుగు పద్యాలే కదా అని మనం దాటేస్తుంటాం. మగకవులు అక్కడ తాతతండ్రులని చెప్పుకుంటారు. ముద్దుపళని తన నాయనమ్మనీ, మేనత్తనీ చెప్పుకుంది. విద్య ఏ ఆడవాళ్ళ చేతుల మీదుగా తన దాకా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. అది కాస్తా తీసేస్తే మిగిలేది ఒక వేశ్య రాసిన శృంగార కావ్యం. కందుకూరి వీరేశలింగం ఈసడించింది అలాగే కదా.

సిగ్గూ లజ్జా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని నాగరత్నమ్మ ఆయన్ని నిలదీసిన సంగతి మనం పదేపదే తలుచుకుంటాం. నాకూ ఇష్టమే. ఆ ప్రశ్న వెనక ప్రతులు పోల్చుకుంటూ కూర్చున్న పని గురించి మాత్రం ఎప్పుడోగానీ మాట్లాడుకోం. పరిష్కరించిన ప్రతిని 1910లో వావిళ్ళ వారు వేశారు. అప్పటికి ఆవిడకి ముప్పై రెండేళ్ళు, ఇప్పుడు నా వయసే. 1911లో అశ్లీలమని పోలీసులు ప్రతులన్నీ పట్టుకుపోయారు. 1947లో టంగుటూరి ప్రకాశం నిషేధం ఎత్తేశారు.

నిషేధం పోయాక వచ్చిన ముద్రణ ఒకటి సంపాదించాను. తీరా తెరిస్తే నాకు పద్యాలు అన్వయం కావడం లేదు! తెలుగులో డాక్టరేటు చేసి ఇంకొకరిని అర్థం అడగాలంటే నామోషీ అనిపించింది. నాలుగు రోజులు నిఘంటువుతో కుస్తీ పట్టాను. చివరికి, తెలుగు పండితురాలిగా రిటైరైన మా మేనత్త దగ్గరికి వెళ్ళాను.

"డాక్టరేటు అయ్యాక ఓనమాలా, ఏమే?" అని నవ్వింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుంది. వారానికి ఒక సాయంత్రం. మొదటి రోజు రెండు పద్యాలు కూడా పూర్తి కాలేదు. నేను "తెలిసింది" అన్నప్పుడల్లా "ఏం తెలిసిందో చెప్పు" అంటుంది. సగంసార్లు చెప్పలేకపోతున్నాను.

ఆ ఆరు పేజీలూ కొట్టేశాను. పుస్తకం ఈ ఏడు రాదని పబ్లిషరుకి ఉత్తరం రాశాను. పోయిన వారం అవతారిక పూర్తి చేసి, మొదటి ఆశ్వాసం మొదలుపెట్టాం. వచ్చే నెల అత్తయ్యకి కంటి ఆపరేషను. అప్పటిదాకా పద్యాలు పెద్దక్షరాల్లో రాసుకుని తీసుకెళ్తున్నాను.