తపాలా పెట్టె - మన ఊరు, మన కొండ

అమెరికా పల్లెలలో ఇంటింటికి నొక తపాలా పెట్టె బాటప్రక్కన నిలిచియుండును. 1896వ సంవత్సరమున అచటి ప్రభుత్వము పల్లెవాసుల ఉత్తరములను ఉచితముగా చేరవేయ నారంభించినప్పుడు, పెట్టెను అమర్చుకొను భారము రైతుపై పడెను. పెట్టె తనదే గనుక, కొందరు దానిని పిట్టగూడువలె మలచి రంగులు దిద్ది ముచ్చట తీర్చుకొనిరి.

మన దేశమున పద్ధతి వేరు. ఇచట పెట్టె ఇంటిది కాదు, ఊరిది. ఎర్రని డబ్బా చెట్టునకో గోడకో వ్రేలాడుచుండును. వచ్చిన జాబును పోస్టుమాను ఇంటికి తెచ్చి యిచ్చును. చదువురాని యింట దానిని చదివి వినిపించువాడును పెక్కుమారులు అతడే.

1854లో దూరముతో నిమిత్తము లేని తపాలా బిళ్లలు దేశమంతటను అమలులోనికి వచ్చెను. 1879 జూలై 1న కాలణా కార్డు వెలువడి, జాబు బీదవాని కందుబాటైనది. రైలు లేని చోట్లకు గజ్జెల బల్లెము చేబూని టపా మోయు మనుష్యుడే పరుగెత్తెను.

మన తిరుమలకు 1944లో ఘాటురోడ్డు పడెను. అంతకుముందు ఏ వస్తువైనను కాలిబాటనే కొండ నెక్కవలసియుండెను. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశపెట్టబడెను. తిరుమలది 517504. 2022లో తిరుపతి వేరు జిల్లా యయ్యెను గాని, చిత్తూరుతో పంచుకొనిన 517 అంకెలు మారలేదు. నేటికిని పలువురు తొలి శుభలేఖను స్వామివారికి పంపుదురు; దేవస్థానమువారు ఆశీస్సులతో ప్రసాదముగా తలంబ్రాలు, కుంకుమ తపాలాలోనే పంపుచున్నారు. కొండ యెక్కలేని వానికి ఆ యెర్ర డబ్బాయే మహాద్వారము.

తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. 2025లో రిజిస్టరు తపాలా స్పీడు పోస్టులో కలిసిపోయినది. చేతివ్రాత జాబు అరుదైనది. టెలిఫోనులో పలికిన మాట గాలిలో కలియును, జాబు నిలుచును. ఏ యేట వాన కురిసెనో, వేరుశెనగ ధర యెంతో, ఎవరి పెండ్లి యెన్నడో అందు వ్రాయబడియుండును. రాజుల చరిత్ర శాసనములలో నున్నది. మన ఊరి చరిత్ర దూలమునకు వ్రేలాడు తీగకు గ్రుచ్చిన కార్డులలో నున్నది. అవి చెదలపాలు గాకమునుపే, ఇంటివారి అనుమతితో గ్రంథాలయమునకు చేర్చి భద్రపరచుట పాఠక మహాశయులు చేయదగిన పని. పుస్తకముల ప్రక్కన ఆ కట్టలకును ఒక అర యుండవలెను.